తాళం పడని మూటలు

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే పాసింజర్ రాత్రికి గానీ కిరండూల్ చేరదు. సగం పెట్టెలు అరకులోనే ఖాళీ అవుతాయి. సొరంగాలు, బొర్రా గుహలు చూడటానికి వచ్చినవాళ్లు కెమెరాలు సర్దుకుని దిగిపోయాక రైల్లో మిగిలేది మూటలూ, వాటి యజమానులూ. మూతికి తాడు బిగించిన గోనెసంచులు, చీరలో చుట్టిన పరుపులు, బియ్యం నింపి పళ్లెం మూత పెట్టిన స్టీలు బిందెలు. నా ఎదుటి సీట్లో శ్రీకాకుళం జిల్లా నుంచి పనికి వెళ్తున్న తాపీ మేస్త్రీ ఒకాయన సంచి పట్టీని కాలికి రెండు చుట్లు చుట్టుకుని నిద్రపోయాడు. లేచాక అడిగితే సిగ్గుపడుతూ నవ్వాడు. "అలవాటైపోనాది బాబూ. ఇంటికాడ మంచం మీద పడుకున్నా కాలికేదో తగల్లేదనిపిస్తాది."

కిరండూల్ దగ్గర పట్టాలు అయిపోతాయి. ముందుకు పోవడానికి దారి లేదు, ఎదురుగా బైలదిల్లా కొండలు. ఎద్దు మూపురంలా ఉంటాయి కనుక ఆ పేరు. 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి దాదాపు 450 కిలోమీటర్ల పొడవున ఈ లైను వేశారు. 14వ నంబరు గనిలో 1968లో తవ్వకం మొదలైంది. కంపెనీ ఎన్‌ఎండీసీ, దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో. కొండ ఛత్తీస్‌గఢ్‌ది, ఆఫీసు తెలంగాణలో, రేవు ఆంధ్రాలో. అందుకే కాబోలు కిరండూల్ బజారులో హిందీ, హల్బీ, గోండీల మధ్య తెలుగు వినిపించినా ఎవరూ తల తిప్పి చూడరు.

ఇక్కడ భద్రత అన్న మాటకు మొదటి అర్థం ఖనిజానికి భద్రత. తవ్విన ప్రతి టన్నుకూ తూకం ఉంది, లెక్క ఉంది, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంది. 2006 ఫిబ్రవరిలో హిరోలీ దగ్గరి పేలుడు పదార్థాల గోదాముపై మావోయిస్టులు దాడి చేసి, జవాన్లను చంపి సరుకు ఎత్తుకుపోయారు. అంత కాపలా ఉన్న చోటే అలా జరిగితే రేకుల తలుపుకి గొళ్లెం పెట్టుకుని బతికేవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న ఈ ఊళ్లో ఎవరికైనా వస్తుంది. 2024 జులై తర్వాత అది మరీ గట్టిగా వస్తోంది.

ఆ నెల 21న, ఆదివారం, కుండపోత వానకు ఎన్‌ఎండీసీ గనుల ప్రాంతంలోని కట్ట తెగింది. ఇనుప రజను కలిసిన ఎర్రటి నీళ్లు కొండ దిగువ బస్తీల మీద పడ్డాయి. వందకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. నీటి ధాటికి మనుషులు కొట్టుకుపోతున్న దృశ్యాలు దేశమంతా టీవీల్లో చూసింది. ప్రాణనష్టం తప్పింది. వార్త చల్లబడటానికి అదీ ఒక కారణం కావచ్చు. మృతుల సంఖ్య లేని వరద మన పత్రికల్లో రెండో రోజుకి లోపలి పేజీలోకి పోతుంది. ఇళ్లు మునిగినవాళ్లను సామూహిక భవనాల్లోకి తరలించారు. తిండి పెట్టారు, దుప్పట్లు ఇచ్చారు. ఆ రాత్రులు గడిపినవాళ్లను కలవడానికే నేను వచ్చాను. నిజానికి తిండి గురించో నష్టపరిహారం గురించో మాట్లాడతారనుకున్నాను. వాళ్లు మాట్లాడింది సామాను గురించి.

టెక్కలి వైపు నుంచి పాతికేళ్ల కిందట పెళ్లై వచ్చిన ఒకామె ఉంది. భర్త కాంట్రాక్టు పనివాడు. ఆమె ఇంటి గోడ మీద నడుం ఎత్తున ఎర్రటి చార ఇంకా ఉంది. రెండు సార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలిందట. "నీళ్లొచ్చినప్పుడు చేతికేది దొరికితే అది పట్టుకున్నాం. నేను మిక్సీ పట్టుకుని పరిగెత్తినాను. పెట్టె ఇంట్లోనే ఉండిపోనాది" అంటూ నవ్విందామె. పెట్టెలో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, కూతురి పదో తరగతి మార్కుల జాబితా ఉన్నాయి.

ఆ రాత్రి ఆమె, పిల్లలు హాల్లో పడుకున్నారు. భర్త పడుకోలేదు. బురద నిండిన ఇంటి ముందు, పక్కింటి అరుగు మీద గొడుగు వేసుకుని కూచున్నాడు. తలుపు ఊడిపోయిన ఇల్లు కదా. ఆ వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒకరు అలాగే కూచున్నారట. ఆశ్రయం అన్నది కుటుంబానికి ఇచ్చినా అందులోకి వెళ్లింది సగం కుటుంబమే. మిగతా సగం సామానుకి కాపలా. హాల్లో తలలు లెక్కపెట్టుకుని వెళ్లిన ఏ అధికారికైనా చోటు ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది. వరద శిబిరాల్లో, నగరాల్లోని రాత్రి ఆశ్రయాల్లో కూడా ఖాళీ చాపలు కనబడితే 'రమ్మన్నా రారు' అని పెదవి విరిచే అధికారులను నేను చాలామందిని చూశాను. ఎందుకు రారో అడిగినవాళ్లను తక్కువ చూశాను.

హాల్లోనూ నిద్ర అంతంత మాత్రమే. ముందు రోజు దాకా ముఖం తెలియని కుటుంబాల మధ్య, తలుపు రాత్రంతా తీసే ఉండే గదిలో, ఉన్నదేదో కాపాడుకోవడానికి ఎవరి ఉపాయం వారిది. ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి మూటలన్నీ మధ్యలో పోగేసి, చుట్టూ తలలు లోపలికి పెట్టి పడుకున్నారు. అందరి సంచులూ ఒకే రకం తెల్ల ప్లాస్టిక్‌వి కాబట్టి గుర్తుకి ఎవరి చీర అంచు వాళ్లు చింపి మూతికి కట్టారు. చెవులవి తీసి కొంగు ముడిలో వేసుకున్నారు. అన్నిటికంటే పెద్ద గొడవ ఫోన్లది. హాలంతటికీ పనిచేసే ప్లగ్గులు రెండే. ఫోను పెట్టినవాళ్లు అక్కడే కూచోవాలి. చివరికి ఓ కుర్రాణ్ని దాని కాపలాకి పెట్టి అతనికి వంతులవారీగా టీ పోశారు. దొంగతనాలు జరిగాయా అని అడిగాను. ఒక టార్చిలైటు, ఒక జత చెప్పులు పోయాయని చెప్పింది. అంతే. పోయినవాటి కంటే పోతాయేమోనన్న భయమే ఎక్కువ నిద్ర తిన్నదన్నమాట.

మూడో రోజుకి ఇంకో చిక్కు వచ్చింది. బురదలోంచి సామాను తీసి కడిగి ఎండబెట్టుకోవాలా, పట్వారీ వచ్చి నష్టం రాసుకునే దాకా అలాగే ఉంచాలా? కడిగితే నష్టం కనబడదు, కడగకపోతే సామాను దక్కదు. ఆమె బియ్యం డబ్బా కడిగింది, పరుపులు అలాగే వదిలేసింది. రెండింటికీ తిట్లు తిన్నానంది. వరద నిబంధనల ప్రకారం ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగినా విపత్తు సహాయ నిధి నుంచి ఇవ్వాల్సింది 2022లో సవరించిన లెక్క ప్రకారం బట్టలకు కుటుంబానికి 2,500 రూపాయలు, వంట పాత్రలు, ఇంటి సామానుకు మరో 2,500. పాతికేళ్ల సంసారానికి ఐదు వేలు. ఇది కంపెనీ కట్ట తెగి వచ్చిన నీరు కాబట్టి కంపెనీయే ఇవ్వాలంటూ బస్తీవాసులు రోడ్డెక్కారు. ఆ వాదనలో నాకు తప్పు కనబడలేదు. కానీ ఎవరు ఇచ్చినా ముందు మీరు ఎవరో, ఇక్కడే ఉంటున్నారని రుజువేమిటో అడుగుతారు. పట్టాలు లేని బస్తీల్లో ఆ రుజువు అంటే మళ్లీ ఆ పెట్టెలోని కాగితాలే. "గిన్నెలు పోతే కొనుక్కుంటాం బాబూ. కాయితాలు పోతే ఎవరికాడికెళ్లి ఏటని సెప్పుకుంటాం?" ఆ పెట్టె నాలుగో రోజు బురదలో బోర్లా పడి దొరికింది. ప్లాస్టిక్ కవర్లో ఉన్నవి దక్కాయి, మార్కుల జాబితా కవర్లో లేదు.

కిరండూల్‌లో ఇళ్లు పోగొట్టుకోవడం ఇది మొదటిసారి కాదు. గనుల్లో యంత్రాలు వచ్చి కాంట్రాక్టు కూలీలను తీసేస్తున్న రోజుల్లో, 1978 ఏప్రిల్ 5న, ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. కూలీలు చనిపోయారు. వాళ్ల గుడిసెలు తగలబడ్డాయి. దస్త్రాల్లో కాల్పుల లెక్క ఉంది గానీ గుడిసెల్లో ఏమున్నాయో ఎవరూ రాయలేదు. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అప్పటి ఉమ్మడి దంతెవాడ జిల్లాలో అధికారిక లెక్కల్లోనే 644 గ్రామాలు ప్రభావితమయ్యాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోరు వంటి శిబిరాలకు చేరారు, కొందరు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. భద్రాచలం, చర్ల ప్రాంతాల్లో గుత్తికోయలుగా మనకు తెలిసినవాళ్లు వీళ్లే. రాత్రికి రాత్రి ఊరు వదిలినవాళ్లు కావడితో మోయగలిగినంతే తెచ్చుకున్నారు. శిబిరం కూడా భద్రం కాలేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు, గుడిసెలు కాల్చారు. ఊళ్లో ఉంటే ఒకరు, శిబిరంలో ఉంటే మరొకరు. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని తీర్పు చెప్పింది. ఇటు వచ్చినవాళ్ల గుడిసెలను అటవీ శాఖ అడవి ఆక్రమణ పేరుతో పలుమార్లు పీకేసింది. అలా పీకినప్పుడు గిన్నెలు, గింజలు బయట పడేయడానికి ఎంత సమయం ఇస్తారన్నది అక్కడి జనానికి గొడవల్లో పెద్ద గొడవ.

దీనికి పూర్తి భిన్నమైన దృశ్యం కూడా ఇదే కిరండూల్ చూసింది. 2019 జూన్ 7 నుంచి వారం రోజుల పాటు వేలాది ఆదివాసీలు ఎన్‌ఎండీసీ కార్యాలయం ముందు బైఠాయించారు. తమ దేవత కొలువైన నందరాజ్ కొండను, అంటే 13వ నంబరు నిక్షేపాన్ని తవ్వకానికి ఇవ్వొద్దన్నది వాళ్ల డిమాండ్. బియ్యం, వంట పాత్రలు, విల్లంబులు వెంట తెచ్చుకుని రోడ్డు పక్కనే వండుకుని అక్కడే పడుకున్నారు. చెట్ల నరికివేత ఆపుతామని, 2014 నాటి హిరోలీ గ్రామసభపై విచారణ జరుపుతామని రాష్ట్ర ప్రభుత్వం మాట ఇచ్చాకే లేచారు. అప్పట్లో అటు రోజూ వెళ్లిన ఒక టీ దుకాణదారుణ్ని సామాను ఎలా కాపాడుకున్నారని అడిగాను. ఆయనకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. ఊరు మొత్తం వచ్చింది కదా, ఎవరి సామాను ఎవరు తీస్తారు అన్నాడు. ఊరు ఊరుగా కదిలితే తాళం అక్కర్లేదు. హాల్లో చీర అంచులు చింపి మూటలకు కట్టుకోవాల్సి వచ్చిందంటే అక్కడ ఊరు చెదిరిందని అర్థం.

అయితే చెదిరినవాళ్లకు తాళం ఇవ్వడం పెద్ద విద్యేమీ కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత ఆశ్రయం, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, సామానుకు లాకరు ఉండాలన్నాయి. లక్ష లెక్కలో కిరండూల్ లాంటి చిన్న పట్టణం ఎక్కడా తేలదు. పెద్ద నగరాల్లో కూడా ఆ మార్గదర్శకాల్లో మొదట ఎగిరిపోయేది లాకరే. మంచం లేకపోతే ఫొటోలో తెలుస్తుంది, లాకరు లేకపోతే తెలియదు. రైల్వే క్లోక్ రూమ్ అయితే తాళం వేయని సామాను తీసుకోనే తీసుకోదు, పైగా టికెట్టు చూపాలి. గోనెసంచికి తాళం ఎక్కడ వేస్తారు?

ఈ విషయంలో అమెరికా కూడా మనకంటే మరీ ముందేమీ లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లు లేనివాళ్లు స్నానానికో భోజనానికో వెళ్లినప్పుడు కాలిబాట మీద వదిలిన సామానును నగర సిబ్బంది ఎత్తి పారేస్తుంటే కోర్టుకెళ్లారు. మందుల్లాంటివీ, గుర్తింపు పత్రాల్లాంటివీ అందులో ఉన్నాయి. కాసేపు వదిలి వెళ్లినంత మాత్రాన అది చెత్త కాదని, యజమాని ఉన్న ఆస్తేనని 2012లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. అంత చిన్న మాట చెప్పించుకోవడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

తిరుగు రైలుకి ముందు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. పెట్టె ఇప్పుడు నేల మీద లేదు. గోడకి ఎర్ర చార కంటే రెండు జానలు పైన చెక్క బల్ల కొట్టించి దాని మీద పెట్టారు. కాగితాలు రెండు కవర్లలో, జిరాక్సులు ఒక సెట్టు టెక్కలిలో తమ్ముడి దగ్గర. మార్కుల జాబితా నకలు కోసం పెట్టిన దరఖాస్తు ఇంకా తిరుగుతోంది. గదిలో ఒక మూల ఖాళీగా ఉంటే అడిగాను. అక్కడ ఫ్రిజ్ పెట్టాలట. డబ్బులు కూడబెట్టారు, కొనడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

"వానలెళ్లిపోనాక సూద్దాం" అంది.