జూరాల గట్టున చలి ముచ్చట్లు

ఈ సంచికకు తెలుగు విభాగం తరఫున ఏదైనా వ్రాయవలసిందని సంపాదక మిత్రులు కోరినప్పుడు, ప్రబంధ సాహిత్యాన్ని గూర్చి ఒక విమర్శ వ్యాసం ఇద్దామనే మొదట తలచాను. కాని చలి ముదిరిన ఈ రోజుల్లో మనసు పుస్తకాల అలమర దగ్గర నిలవక మాటిమాటికి కృష్ణ ఒడ్డుకే పరుగెత్తుతున్నది. అందుచేత, రెండేండ్ల క్రితం క్రిస్మస్‌కు ముందటి ఆదివారం నాడు నలుగురు మిత్రులం నదీతీరాన కూర్చుండి చెప్పుకున్న ముచ్చట్లను వ్రాస్తున్నాను. ముచ్చట్లే అయినా వాటి వెనుక నేను తీర్చవలసిన అప్పు ఒకటున్నది. ముందుగా ఆ అప్పు ఎట్లా పడిందో చెప్పాలి.

ఆ యేడు కార్తికమాసంలో బి.ఏ. ద్వితీయ సంవత్సరం వారికి సూర్యాస్తమయ వర్ణన పాఠం చెబుతున్నాను. పొద్దు గుంకగానే జక్కవల జంట విడిపోతుందనీ, రాత్రంతా ఏటికి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి విరహంతో విలపించి తెల్లవారి కలుసుకుంటాయనీ మన కవుల సంప్రదాయం. చక్రవాకము, కోకము, రథాంగము అని పర్యాయపదాలు నల్లబల్లమీద వరుసగా వ్రాసి, విరహాన్ని గూర్చి గంభీరంగా ఉపన్యసిస్తూ ఉండగా, చివరి బల్లమీది విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు. కృష్ణ ఒడ్డున ఒక పల్లెకు చెందిన బెస్తవారి పిల్లవాడు.

"సార్, జక్కవ ఎట్లుంటది? మీరు చూసిన్రా?"

నేను చూడలేదు. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. "అది కవిసమయం. చూడవలసింది కాదు, భావించవలసింది" అన్నాను. అతడు ఊరుకోలేదు. "మా ఊరి ఏటికాడ చలికాలం ఎర్రబాతులు దిగుతయి సార్. జంటగనే ఉంటయి. అవేనా?" అన్నాడు. నాకు సమాధానం తెలియదు. తెలియనితనాన్ని చమత్కారంతో కప్పిపుచ్చుకున్నాను. "వలలో చేపలు పడతాయి గాని కావ్యాలు పడవు, నాయనా!" అన్నాను. తరగతి ఘొల్లుమన్నది. అతడు కూర్చున్నాడు. ఆ తరువాత నా తరగతిలో అతడు మరొక ప్రశ్న అడుగలేదు. ఆనాడు పాఠం బాగా పండిందని నేను సంతోషించాను కూడా.

ఇక ఆ ఆదివారం సంగతి. అమరచింత మా అమ్మగారి పుట్టిల్లు. సెలవునాళ్లలో అక్కడికి వెళ్లి రావడం నాకు చిన్ననాటినుండి అలవాటు. ఈసారి మా జంతుశాస్త్ర ఉపన్యాసకులూ, చరిత్ర ఉపన్యాసకులూ, గ్రంథపాలకులూ నాతో వచ్చారు. అమరచింతకు సమీపంలోనే కృష్ణకు అడ్డంగా జూరాల ఆనకట్ట ఉన్నది. 1981లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు తొంభైల నడుమ పూర్తయి నీరు నిలిచిననాటినుండి, ఆ విశాల జలాశయం శీతకాలపు పక్షులకు విడిదిగా మారిందని జంతుశాస్త్ర మిత్రుడు ఎన్నాళ్లుగానో ఊరిస్తున్నాడు.

తెల్లవారుజామున గట్టెక్కేసరికి నీటిమీద మంచు పొగలా లేస్తున్నది. అవతలి ఒడ్డు కనబడదు. మంచు విచ్చేదాకా చేయగలిగింది ముచ్చట్లు చెప్పుకోవడమే. చరిత్ర మిత్రుడు క్రైస్తవుడు. ఆయన ఇంటినుండి డబ్బానిండా గులాబీ పువ్వులు, కేకు ముక్కలు తెచ్చారు. ఫ్లాస్కులోని చాయ్ నలుగురికీ సరిపోదని గ్రంథపాలకులు ముందే చెప్పి, తమ వాటా ముందుగానే త్రాగేశారు.

"తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి దారి పట్టారు" అన్నారు చరిత్ర మిత్రులు. "రాత్రివేళ వలసపోయే పక్షులు కూడా నక్షత్రాల ఆధారం తీసుకుంటాయి" అన్నాడు జంతుశాస్త్రం మిత్రుడు. అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ నాడు జట్లుగా చేరి, ఎవరు ఎక్కువ పక్షులను కాల్చితే వారిదే గెలుపు అని పందెం వేసుకునేవారట. ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త కాల్చడం మాని లెక్కపెట్టుదామని ప్రతిపాదించగా, 1900 క్రిస్మస్ నాడు 27 మంది ఆ పని చేశారట. ఆ లెక్క నేటికీ ఏటేటా సాగుతూనే ఉన్నది. "తుపాకి దించి పెన్సిలు పట్టారన్న మాట! పండుగకు అంతకంటె మంచి కానుక ఏముంటుంది?" అన్నారు చరిత్ర మిత్రులు.

పిమ్మట మాట బాతులమీదికి మళ్లింది. ఇంగ్లీషులో 'గాడ్వాల్' అనే వలసబాతు ఒకటున్నదని వినగానే గ్రంథపాలకులు, "అయితే పట్టుచీర కట్టుకొని వస్తుందా?" అన్నారు. ఆ పేరుకూ మన గద్వాలకూ చుట్టరికం లేదని జంతుశాస్త్రం మిత్రుడు ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. నవ్వులు తగ్గాక, "సుర్ఖాబ్‌ను ఈరోజు తప్పక చూపిస్తాను" అన్నాడు మిత్రుడు.

ఆ పేరు వినగానే మా నానీ జ్ఞాపకం వచ్చింది. ఈద్ నాడు కొత్త షేర్వానీ తొడుక్కొని నేను అమరచింత వీధుల్లో బడాయిగా తిరిగి వస్తే ఆమె, "క్యా తుమ్ మే సుర్ఖాబ్ కే పర్ లగే హై?" అనేది. నీకేమైనా సుర్ఖాబ్ ఈకలు మొలిచాయా అని! లేని గొప్ప చూపేవాళ్లను ఉర్దూలో అట్లా దెప్పిపొడుస్తారు. ఆ మాట చెప్పగానే మిత్రుడు నావైపు వింతగా చూసి, "తెలుగు పండితులుగారూ, ఆ సుర్ఖాబే కదండీ మీ చక్రవాకం!" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఇంట విన్న సామెతలోని పక్షీ, బడిలో చెప్పే పాఠంలోని పక్షీ ఒకటేనని ఎం.ఏ. పట్టా పుచ్చుకొని పదేండ్లు దాటినా నాకు తెలియదు.

మిత్రుడు నా మొగం చూడలేదు. ధోరణిలో సాలిం అలీ గారి ముచ్చట ఎత్తుకున్నాడు. 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేసి, మన నల్లమలలోని ఫరహాబాద్ దాకా వచ్చి విడిది చేసిన మహనీయుడాయన. బాల్యంలో తల్లిదండ్రులు లేని ఆ పిల్లవాడు ఒకనాడు పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ ఉన్నది. ఇది తినదగిన పక్షియేనా అని సందేహం కలిగి మేనమామను అడిగితే, ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వలేదు. పిచ్చుకను చేతిలోకి తీసుకొని, అది ఏ జాతిదో చెప్పి, బీరువాలు తెరచి వందల పక్షులను చూపించాడు. "ఆనాడు ఆయన నవ్వి పంపి ఉంటే ఈ దేశానికి సాలిం అలీ దొరికేవాడా?" అన్నాడు మిత్రుడు.

అందరూ తలలూపారు. నాకు మాత్రం చివరి బల్ల కళ్లముందు నిలిచింది. చేతిలోని గులాబీ పువ్వు చేతిలోనే ఉండిపోయింది.

అంతలో మంచులోనుండి ఒక పుట్టి మెల్లగా ఒడ్డుకు వచ్చింది. వల సర్దుతున్న పెద్దమనిషి ఒకడు, తెడ్డు వేస్తున్న కుర్రవాడు ఒకడు. ఆ కుర్రవాడు నా విద్యార్థే! నన్ను చూడగానే నీళ్లలోకి దూకి వచ్చి నమస్కరించాడు. "సార్, శానా చలి పెడుతున్నది, ఇది కప్పుకోండి" అని తన భుజంమీది గొంగడి తీసి నాకిచ్చాడు. నిష్ఠురం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ గొంగడి బరువు నాకింకా గుర్తున్నది.

"ఎర్రబాతులను చూపిస్తావా?" అని అడిగాను. ఆ మాట నోటినుండి రావడానికి నాకు ఎంతో ప్రయాస అయింది. అతని కళ్లు మెరిశాయి.

పుట్టిలో నన్నూ, జంతుశాస్త్రం మిత్రుణ్ణీ ఎక్కించుకున్నారు. ఇసుకదిబ్బ దగ్గరికి చేరాక కుర్రవాడు తెడ్డు ఆపి, వేలు పెదవిమీద పెట్టుకున్నాడు. ఎండపొడ తగిలిన నీటి అంచున రెండు పక్షులు. ఒళ్లంతా కాగిన ఇటుక రంగు, తల లేత గోధుమ వన్నె, తోక నలుపు. లడఖ్, టిబెట్ ప్రాంతాల ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను చేసి, శీతకాలంలో మనదేశానికి దిగివచ్చే అతిథులవి. మమ్మల్ని చూసి లేచినప్పుడు రెక్కల్లోని తెలుపు తళుక్కుమన్నది. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోయాయి.

"రాత్రిపూట ఇవి ఏం చేస్తాయి?" అని తండ్రిని అడిగాను. "రేత్రి మేతకు పోతయి సారూ. ఒకటి ఈ గడ్డకు, ఒకటి ఆ గడ్డకు ఉండి ఒర్లుతుంటయి. మాకు నిద్రవట్టనియ్యవు" అన్నాడు. ఈ పక్షులు ఎక్కువగా రాత్రివేళనే మేస్తాయని మిత్రుడు ధ్రువపరచాడు. చీకట్లో ఏటికి ఇరువైపులనుండి వినవచ్చే ఆ పిలుపులే విరహ వర్ణనకు పునాది అయి ఉండవచ్చునని నాకు తోచింది. కవి చెవి అబద్ధమాడలేదు. పర్యాయపదాలను వల్లెవేసిన నేను మాత్రం ఆ గొంతు ఎన్నడూ వినలేదు.

మరునాడు తరగతిలో అదే పాఠం మళ్లీ మొదలుపెట్టాను. జక్కవను నిన్ననే మొదటిసారి చూశాననీ, చూపించినది ఇతడేననీ, ఆనాడు నేను ఆడిన మాట తప్పనీ అందరి ఎదుటా చెప్పాను. అతణ్ణి లేచి జక్కవను వర్ణించుమన్నాను. ముందు తడబడ్డాడు, పిమ్మట గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేడు అతడు డిగ్రీ ముగించి ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నాడు. అతని తరగతిలో ప్రశ్న అడిగిన పిల్లవాడు చిన్నబోడని నా నమ్మకం.

విద్యార్థి మిత్రులారా! ఈ చలికాలం కూడా జూరాల నీటిమీద జక్కవలు దిగే ఉంటాయి. వీలుచూసుకొని వెళ్లి చూడండి; తిరిగివచ్చి నన్ను ప్రశ్నలడగండి. తెలిసినది చెబుతాను. తెలియకపోతే తెలియదనే చెబుతాను. నాకు సుర్ఖాబ్ ఈకలేవీ మొలవలేదు.