50 అక్షరాలు, మా అయ్య కాగితం

చాలా రోజుల తర్వాత గ్రూపులో పెద్ద పోస్టు పెడుతున్నా. బీటెక్, డిగ్రీలో కంప్యూటర్స్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముఖ్యంగా చదవండి. మిగతావాళ్ళు కూడా ఓపిక పట్టండి, చివరికి ఇది అర్జీల దగ్గరికే వస్తుంది.

నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియంలో చదివినోణ్ణి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికినప్పుడు కోడింగ్ అంటే భయం లేదు, ఇంగ్లీషు రాయాలంటేనే భయం. మా పనిలో గిట్ అని ఒకటి ఉంటుంది. ప్రోగ్రామ్‌లో చేసిన ప్రతి మార్పునీ అది దాచిపెడుతుంది. దాచినప్పుడల్లా ఏం చేశామో మనం రాయాలి. దాన్నే కమిట్ మెసేజ్ అంటారు.

మొదటి వారం నేను ఒక మార్పు చేసి, చేసిందంతా ఒకే పొడుగు లైనులో రాశాను. మీటింగ్‌లో ఒకాయన దాన్ని పైకి చదివాడు. గ్రామర్ తప్పులు చూపించాడు. ఇద్దరు నవ్వారు. అంతే, ఆ రోజు నుంచి నా కమిట్ మెసేజ్‌లు మూడే: ఫిక్స్, చేంజెస్, అప్‌డేట్. ఒక్క మాట రాస్తే గ్రామర్ తప్పు పోదు కదా!

మాది అప్పుల వాయిదాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. ఒకసారి మొత్తంలో ఒక్క పైసా తేడా వస్తోంది. రెండు రోజులు వెతికితే దొరికింది. ఆలస్య రుసుము కలపకముందే వడ్డీని పైసలకి సవరించాలి. మార్చింది ఒక్క లైను. రాసింది ఒక్క మాట: ఫిక్స్.

ఎనిమిది నెలల తర్వాత మా టీమ్‌లో ఒక అక్క ఆ లైను చూసింది. కింద ఇంకో చోట కూడా సవరణ ఉంది కాబట్టి ఇది అనవసరం అనుకుని తీసేసింది. నెలాఖరులో లెక్కలు తప్పాయి. గిట్ బ్లేమ్ అని కొడితే ఏ లైను ఎవరు రాశారో చూపిస్తుంది. నా పేరు వచ్చింది. ఆ కమిట్ తెరిస్తే ఫిక్స్ అని ఉంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "ఈ లైను ఎందుకు పెట్టావో గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. నిజంగానే లేదు. ఇంట్లో పిల్లకి జ్వరమని ఆమె చెప్పలేదు, మర్నాడు తెలిసింది. తెల్లారేదాకా ఇద్దరం ఫోన్‌లోనే కూర్చుని, నేను రెండు రోజుల్లో కనిపెట్టిందాన్నే మళ్ళీ కనిపెట్టాం.

ఆమె నన్ను తిట్టలేదు. మర్నాడు పక్కన కూర్చోబెట్టి 50, 72 లెక్క నేర్పింది. మొదటి లైను 50 అక్షరాల లోపు. తర్వాత ఒక ఖాళీ లైను. ఆ కింద వివరం ఎంతైనా రాయొచ్చు, కానీ ఒక్కో లైను 72 అక్షరాలు దాటకూడదు.

ఈ అంకెలు ఎక్కడివి అని అడిగాను. ఆమె కొంత చెప్పింది, మిగతాది నేను చదువుకున్నా. గిట్‌ని లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కోసం రాశాడు. అక్కడ మార్పులు ఈమెయిల్‌లో తిరిగేవి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. మెసేజ్ మొదటి లైనే ఆ మెయిల్‌కి సబ్జెక్ట్ అవుతుంది. మన అర్జీలో "విషయం:" అని రాస్తాం చూడండి, అదే. 50, 72 జంటని ఎక్కువమందికి అలవాటు చేసింది 2008లో టిమ్ పోప్ అనే ప్రోగ్రామర్ రాసిన ఒక చిన్న వ్యాసం. 72 ఎందుకంటే, పాత తెరల మీద లైనుకి 80 అక్షరాలే పట్టేవి. గిట్ లాగ్ మెసేజ్‌ని నాలుగు ఖాళీలు జరిపి చూపిస్తుంది. కుడివైపు కూడా ఒక నాలుగు వదిలితే మిగిలేది 72. ఆ 80 ఇంకా పాతది. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరసలు ఉండేవి.

ఇది చట్టమేం కాదు. 51 రాస్తే గిట్ ఆపదు. లినక్స్ వాళ్ళే మొదటి లైనుకి 70 నుంచి 75 దాకా ఒప్పుకుంటారు. గిట్‌హబ్‌లో అయితే 72 దాటిన మొదటి లైను జాబితాలో తెగిపోయి, చివర మూడు చుక్కలు కనబడతాయి.

నాకు మాత్రం ఆ 50 చాలా మేలు చేసింది. 50 అక్షరాల్లో పెద్ద ఇంగ్లీషు పట్టదు. ఏడెనిమిది మాటలు, ఒక క్రియ. అంత ఇంగ్లీషు నాకు వచ్చు! నా పాత ఫిక్స్‌ని ఇప్పుడైతే ఇలా రాస్తా: "రౌండ్ ఇంట్రెస్ట్ టు పైసే బిఫోర్ యాడింగ్ లేట్ ఫీ". ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఖాళీలతో కలిపి 46. కింద ఎందుకో రెండు లైన్లు. అది ఉండుంటే ఆ అక్క ఆ రాత్రి పిల్ల దగ్గర పడుకునేది.

ఆ వేసవిలో ఊరికి పోయాను. ట్రంకు పెట్టెలో నా సర్టిఫికెట్లు వెతుకుతుంటే మా అయ్య పోడు భూమి కాగితం దొరికింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం పెట్టుకున్న దరఖాస్తుకి వచ్చిన జవాబు. కింద ఒకే మాట: "తిరస్కరించడమైనది." స్టాంపు, సంతకం. ఎందుకో లేదు. తిరస్కరిస్తే కారణం వివరంగా రాయాలని 2012లో సవరించిన నియమాల్లో ఉంది. పై కమిటీకి పోవాలంటే 60 రోజుల గడువు. కారణమే తెలియకపోతే మనిషి దేని మీద అప్పీలు చేస్తాడు? మా అయ్య ఆ కాగితం పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగాడు. పోయిన ప్రతిసారీ ఒకటే అడిగాడు, ఎందుకని. చెప్పినవాడు లేడు.

ఆ మాట చూస్తుంటే నా ఫిక్స్ గుర్తొచ్చింది. నేను సిగ్గుతో రాశాను, వాళ్ళు ఎందుకు అలా రాశారో నాకు తెలియదు. చదివినవాళ్ళకి రెండూ ఒకటే. తర్వాత వచ్చిన మనిషి ఎందుకు అని అడిగితే కాగితం పలకలేదు.

గడువు ఎప్పుడో దాటింది. అయినా గ్రామసభ ద్వారా మళ్ళీ అర్జీ పెట్టాం. నేనే రాశాను. విషయం ఒక్క లైను. ఖాళీ. ఆ కింద ఎప్పటి నుంచి సాగులో ఉన్నాం, హద్దులు ఏంటి, ఊరి పెద్దల వాంగ్మూలం. వాంగ్మూలాన్ని రాతలో పెడితే నియమాల ప్రకారం అది సాక్ష్యమే. ఇంకా జవాబు రాలేదు. ఈసారి మా అర్జీ నకలు మా దగ్గర ఉంది, ఎవరు అడిగినా చూపించొచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు నాలుగు మాటలు. ముందు తెలుగులో అనుకోండి, తర్వాత చిన్న ఇంగ్లీషులో పెట్టండి. మొదటి లైను 50కి పట్టకపోతే, ఒకే కమిట్‌లో రెండు పనులు కలిపేశారేమో చూసుకోండి. ఏం మార్చారో కోడే చూపిస్తుంది, కింద ఎందుకు మార్చారో రాయండి. మన భాషల యాప్‌లు చేసేవాళ్ళు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, గిట్ ఒప్పుకుంటుంది. కాకపోతే లెక్క వేరు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. అక్కడ 50 పట్టుకుని వేలాడొద్దు, ఒక్క చూపులో అర్థమైతే చాలు.

నవ్వేవాళ్ళు ఒక్క నిమిషం నవ్వుతారు. రాయకపోతే ఇంకొకరి రాత్రి పోతుంది. తప్పుల ఇంగ్లీషైనా సరే, కారణం రాయండి.

జై ఆదివాసీ.