తలకోన వాగు వెంట ఒక్కరోజు నడక

తలకోన నడకకు నవంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానలతో శేషాచలం వాగులు నిండి, 270 అడుగుల జలపాతం నిండుగా దూకుతుంది. అయితే వాయుగుండం పట్టిన రోజుల్లో వెళ్లకూడదు. పైకొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నాచు పట్టిన బండల మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే మేలు.

తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. తెల్లారేసరికి బయలుదేరితే సిద్ధేశ్వరస్వామిని దర్శించుకుని, గిల్లతీగలు అల్లుకున్న అడవిలో తీరిగ్గా నడవొచ్చు. ఆ తీగలను చూడ్డానికే వెళ్లొచ్చు! పులిహోర, నీళ్లు వెంట ఉండాలి, ప్లాస్టిక్ వద్దు. ఇది చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే జాతీయవనం కనుక పొద్దు వాలకముందే గుడి దగ్గరికి చేరుకోవాలి.