పోయినా వలసే... నిలిచినా వలసే!

ఇంగ్లిషు నేర్చుకునే పిల్లాణ్ని ‘కాలనీ’ అంటే ఏమిట్రా అని అడగండి. ‘ఇళ్లుండే చోటు’ అంటాడు. రైల్వే కాలనీ, ఇందిరమ్మ కాలనీ... రోజూ వినే మాటే కదా! సోషల్ పుస్తకం తెరిస్తే అదే మాట తెల్లవాళ్లు ఏలిన దేశమవుతుంది. సైన్సు పుస్తకంలో బ్యాక్టీరియా గుంపవుతుంది. పాపం, ఏదని గుర్తుపెట్టుకుంటాడు? లాటిన్‌లో సేద్యగాడికున్న పేరులోంచి పుట్టి, రోమన్లు కొత్తచోట వేసుకున్న ఊళ్లకు పేరై, ఆనక ఇన్ని దారులు పట్టింది ఆ పదం.

శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు మాత్రం దీన్ని బట్టీ పట్టే పనిలేదు. ఆమదాలవలస, కొత్తవలస, మడ్డువలస... జవాబు ఊళ్ల పేర్లలోనే ఉంది. వలసంటే ఉన్న ఊరు విడిచిపోవడమని లోకమంతా అనుకుంటుంది. ఈ ప్రాంతంలో అలా వచ్చినవాళ్లు ఆగి, ఇళ్లు కట్టుకుని, పొలం దున్నుకున్న చోటు కూడా వలసే. ‘కాలనీ’కి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట దొరకడం కష్టం. చరిత్ర పుస్తకాలు ‘వలస రాజ్యం’ అని రాసేదీ అందుకే.

శ్రీకాకుళం వాళ్లు రైలెక్కాలంటే రావలసింది ఆమదాలవలసకే. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషనున్నది అక్కడే మరి. మూటలు సర్దుకుని చెన్నైకో, హైదరాబాదుకో కూలిపనులకు వెళ్లే కుటుంబాలు ఆ ప్లాట్‌ఫాం మీద కనిపిస్తాయి. ఎప్పుడో ఎవరో వచ్చి నిలిచిన వలస నుంచే ఇప్పటివాళ్లు వలసపోతున్నారన్నమాట! తీరంలోని మత్స్యకారులదైతే మరీ దూరాభారం. గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు. అలా వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ కథే ఆధారం.

పోయేవాళ్లు సరే, వచ్చేవాళ్లూ ఉన్నారు. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో వానలు వెనకబట్టేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద వాలతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా ఎగిరిపోతాయి. వీటిని సైబీరియా పక్షులనడం రివాజు. నిజానికి గూడబాతులు మన దక్షిణాసియావే. అయినా, చూడ్డానికి వెళ్లేవాళ్లకు సైబీరియా అంటేనే సరదా! అన్నట్టు, ఒక్కచోట చేరిన ఈ గూళ్ల గుంపునూ ఇంగ్లిషులో కాలనీ అనే అంటారు.

పక్షులకు తిరుగుదారి ఉంది. హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయరు కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకు ఆ దారి లేదు, వాళ్ల పొలాలూ ఇళ్లూ నీళ్లకింద ఉన్నాయి. వాళ్లకు ఇచ్చిన కొత్త చోటుకు సర్కారు కాగితాల్లో పేరు ‘పునరావాస కాలనీ’. తాతల కాలమైతే దానికీ ఏదో ఒక ‘వలస’ అని పేరు పడేది.