ఒంటి కొలతల పడవ

గ్రీన్‌లాండ్ ఇనుయిట్ వేటగాడు పడవ కట్టడానికి టేపు వెతుక్కునేవాడు కాదు. పొడవు కావాలంటే చేతులు బార్లా చాపేవాడు. అలాంటివి మూడు బారలు. తుంటి వెడల్పుకు రెండు పిడికిళ్లు కలిపితే పడవ వెడల్పు. అటూఇటూగా 5 మీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు తేలేది. దర్జీ కుట్టిన చొక్కాలాగే ఈ కయాక్ కూడా ఒకరిది ఇంకొకరికి పట్టదు. తొడలైనా ఇరుక్కుంటాయి, నడుమైనా వదులవుతుంది.

పెద్ద చెట్లు లేని ఆ దేశానికి కర్ర ఎక్కడిది? సైబీరియా నదులు సముద్రంలోకి తోసేసిన దుంగలు మంచుతోపాటు కొట్టుకొచ్చి ఒడ్డున పడేవి. మగవాళ్లు వాటితో చట్రం బిగిస్తే, ఆడవాళ్లు దానికి సీల్ తోలు తొడిగి, జంతువుల నరాలతో కుట్టేవాళ్లు. సూది తోలును పూర్తిగా పొడుచుకుని అవతలికి రాకూడదు, సగం మందంలోనే నడవాలి. అప్పుడే నీళ్లు కారవు. ఆ కుట్టు మీదే వేటగాడి ప్రాణం ఉండేది. పేరు మాత్రం వేటగాడికే వచ్చింది, ఎక్కడైనా ఉన్న సంగతే.

ఇప్పుడు అమెరికాలో, యూరప్‌లో సరదాకొద్దీ ఇంటి షెడ్డులో కయాక్ కట్టుకునేవాళ్లు తోలు బదులు నైలాన్ గుడ్డ, నరాల బదులు మైనం పట్టించిన సింథటిక్ దారం వాడుతున్నారు. చట్రానికి మేకులు కొట్టరు. చెక్క చీలలు, దారపు కట్లే. అల కొట్టినప్పుడు చట్రం కాస్త ఒంగి సర్దుకుంటుంది.

గుడ్డ కుట్టడమే కష్టమని కొత్తవాళ్లు భయపడతారు. అసలు పరీక్ష అడ్డబద్దల దగ్గరుంది. పచ్చి ఓక్ బద్దను నానబెట్టి, ఆవిరిపెట్టెలో ఉడికించి బయటికి తీస్తే, వంచడానికి దొరికేది కొన్ని సెకన్లే. ఆ వేడి మీదే వంచి, రెండు కొసలూ పై అంచు దూలాల్లో తొలిచిన రంధ్రాల్లోకి దూర్చాలి. తటపటాయిస్తే బిగుసుకుపోతుంది, మొరటుగా వంచితే టప్పున విరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు నాలుగు బద్దలు ఎక్కువే కోసి పెట్టుకుంటారు.

గుడ్డను బిగలాగి, పైభాగం నడిమధ్యన కుట్టి, పాలీయురెథేన్ పూత పూస్తే పడవ సిద్ధం. చాలావాటి బరువు 15 కిలోలకు అటూఇటూ. భుజాన వేసుకుని చెరువుకు నడవొచ్చు.

నీళ్లలోకి దించాక మొదటి నిమిషం గడ్డుది. సన్నటి పడవ కనక కూర్చోగానే ఊగుతుంది. ఒళ్లు బిగబట్టినవాడు బోల్తా పడతాడు. నడుం వదిలేసి పడవతోపాటు ఊగినవాడు నిలదొక్కుకుంటాడు. రంగు కలపని పూత అయితే గుడ్డలోంచి వెలుతురు లోపలికి దిగుతుంది. బయట నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో మోకాలి పక్కనే గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇంత పలచటి గుడ్డ సముద్రానికి ఆగుతుందా? 1956లో జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమాన్ క్లెప్పర్ కంపెనీ మడత కయాక్‌లో 72 రోజులకు అట్లాంటిక్ దాటాడు. ఫ్యాక్టరీ సరుకే అయినా అదీ కర్ర చట్రం మీద తొడిగిన గుడ్డే.

మన నదులకూ ఈ విద్య కొత్త కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద పుట్ల గురించి రాశాడు: లోపల బెత్తం అల్లిక, బయట తోలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవైమంది. కావాలంటే గుర్రాలనూ ఎద్దులనూ ఎక్కించొచ్చట. తెడ్డు ఎంత వేసినా అవి నేరుగా పోక గిరగిరా తిరుగుతూనే ఉంటాయని కూడా ఆయన రాసిపెట్టాడు.