కొబ్బరినూనె చేసిన పని

నెల్లిమర్లలో ఉండి కుట్టుమిషను ఊసెత్తకపోతే ఎలాగండీ? జూట్ మిల్లు ఊరు మనది. గోనె నేసేస్తే సంచి అయిపోదు కదా, అంచు మడవాలి, పక్కలు కుట్టాలి. అయితే ఆ మిల్లు మిషన్ల సంగతి వేరు. నేననేది మీ వరండా మూల గోనెపట్టా కప్పుకుని ఉన్న అమ్మమ్మగారి తొక్కుడు మిషను గురించి.

"బిగుసుకుపోనాదండీ, ఇనప సామాన్లోడికి ఇచ్చేద్దుమా?" అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. చాలాసార్లు పాడైంది మిషను కాదు, అందులో పోసిన నూనె. మిషను నూనె అయిపోయిన పూట కొబ్బరినూనె పోసేయడం మన ఇళ్లలో మామూలే. మార్గశిరం చలికి సీసాలో పేరుకునే నూనె ఇనుములో మాత్రం పేరుకోదా? నువ్వులనూనె మరీ దారుణం, గాలికి చిక్కబడి లక్కలా పట్టేస్తుంది.

దానికి మందు కిరసనాయిలు. రేషన్లో రావడం మానేసింది గనక కాస్త వెతుక్కోవాలి, అంతే. నూనె రంధ్రాలన్నిటిలో చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లిగా ఊపండి. సుత్తి మాత్రం ముట్టుకోకండి, నా మీద ఒట్టు! కదలిక వచ్చాక కిరసనాయిలు తుడిచేసి, అసలైన మిషను నూనె వేయాలి.

ఇక సూది పలక విప్పండి. పళ్ల కింద దారపు నూగు పొరలు పొరలుగా అచ్చు కట్టి ఉంటుంది. పైన నీలం, దాని కింద ఎరుపు, అడుగున స్కూలు చొక్కాల తెలుపు. పిన్నుతో లాగితే మీ ఇంట్లో ఏ కాలంలో ఏం కుట్టారో వరసగా బయటికొస్తుంది. కుట్టు కింద ఉచ్చులు పడుతుంటే అందరూ బాబిన్ను తిడతారు. తప్పు పైదారాన్ని బిగించే బిళ్లల్లో ఉంటుంది. వాటి మధ్య గుడ్డ పీలిక దూర్చి లాగి చూడండి.

నల్లటి ఒంటి మీది బంగారు తీగల జోలికి స్పిరిట్ తేకండి, పాలిష్‌తో సహా ఊడొస్తాయి. మిషను నూనెలో ముంచిన దూది చాలు. మళ్లీ రంగు వేయిస్తామనేవాళ్లతో నాకు పేచీయే. సింగర్ అయితే నంబరు చూడండి: ముందు 'వై' అక్షరం ఉంటే అది 1920, 30 దశకాల్లో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో పుట్టింది. ఆ కార్ఖానా 1980లో మూతపడింది, మిషను ఇంకా మీ ఇంట్లో ఉంది. యంత్రాలంటే గిట్టని గాంధీగారు కూడా 1924లో సింగర్‌కు మినహాయింపు ఇచ్చారు మరి!

ఉషా అయితే ఇంకా సులువు. కలకత్తాలో మొదలైన ఆ మిషను సింగర్ 15 నమూనాదే గనక సూదులు, బాబిన్లు విజయనగరం వెళ్తే దొరుకుతాయి. తోలు బెల్టు సాగితే కాస్త కోసి పిన్ను వేసుకోండి. మొదటి కుట్టు చిరిగిన దుప్పటి మీద వేయండి. పెళ్లి జాకెట్టు తర్వాత చూద్దురుగాని.