వచ్చే సీజనులో మన జట్టు గతి యేమి?

గణితమన్న బెదరు పిల్లలు పాయింట్ల పట్టిక యన్న బెదరరు. ఇరువది యేండ్ల బోధనలో నేను చూచిన వింతలలో నిదియొకటి. గెలుపునకు 3, సమానమైన ఆటకు 1, ఓటమికి సున్న అని నల్లబల్లపై వ్రాసినంతనే వెనుక బల్లలవారు సైతము మెడలు సాచెదరు. మా పాఠశాలలో జనగామ పట్టణపు పిల్లలును, మహబూబాబాదు తండాల పిల్లలును, భూపాలపల్లి బొగ్గుగనుల కార్మికుల పిల్లలును కలిసి చదువుచున్నారు. వారి మాటతీరులు వేరు, పండుగలు వేరు. అయినను 2019వ సంవత్సరమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించినది మొదలు "మన టీము" అను మాట మాత్రము అందరికి నొక్కటే యయ్యెను.

వచ్చే సీజనులో ఆ టీము ప్లేఆఫునకు పోవునా యని తొమ్మిదవ తరగతివారు నన్నడిగిరి. జవాబు చెప్పుటకు ముందు పాత లెక్కలను బల్లపై వేసి చూపితిని. మొదటి సీజనులో మన జట్టు 18 ఆటలాడి రెండే గెలిచి, 10 పాయింట్లతో పది జట్లలో పదవదై నిలిచెను. పిమ్మట స్పెయిను దేశస్థుడైన మనోలో మార్కెజ్ గారు శిక్షకులైరి. 2020-21 సీజను లెక్క నాకు మిక్కిలి ప్రీతి. మనకు 20 ఆటలలో 6 గెలుపులు, 11 సమానములు, 3 ఓటములు. మొత్తము 29 పాయింట్లు. గోవా జట్టును మూడే ఓడెను. కాని యది 7 గెలిచి, 10 సమానము చేసికొని, 31 పాయింట్లతో నాలుగవ స్థానము నందెను. అప్పటి నిబంధనను బట్టి ప్లేఆఫ్ ప్రవేశము మొదటి నలుగురికే. 2021 ఫిబ్రవరి 28వ తేదీని ఈ రెండు జట్లే కడపటి లీగు ఆటలో తలపడి గోలు లేకుండ ముగించినవి. ఒక్క గోలుతో మనవారు గెలిచియుండినచో ఎవరికెన్ని పాయింట్లు వచ్చియుండునని యడిగితిని. "మనకు 31, గోవాకు 30" అని తరగతి యంతయు నొక్కసారి యరచెను. ప్రక్క తరగతి పంతులుగారు తలుపువద్దకు వచ్చి తొంగిచూచిరి.

మరుసటి సీజనున 38 పాయింట్లతో రెండవ స్థానము, బార్తొలొమ్యూ ఒగ్బెచె కాలినుండి 18 గోలులు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ బ్లాస్టర్సు జట్టుతో కడపటి పోటీ. మనవారు వెనుకబడి, 88వ నిమిషమున సాహిల్ తవోరా గోలుతో సమానము చేసిరి. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటి నాపెను. 3-1తో విజయము మనదయ్యెను. కరోనా వ్యాధి కారణమున ఆ రెండు సీజనుల ఆటలన్నియు గోవాలోనే జరుగుటచేత, సొంత మైదానమున నొక్క ఆటయు నాడకయే మన జట్టు విజేత యయ్యెను! వసతిగృహమున ఆ రాత్రి నిద్రించినవారు లేరు.

2022-23లో 42 పాయింట్లతో తిరిగి రెండవ స్థానము దక్కినది. ఆ యేడు పండ్రెండుగురు బాలురను జనగామలో రైలెక్కించి, సికింద్రాబాదులో దింపి, గచ్చిబౌలి బాలయోగి మైదానమునకు తీసికొనిపోయితిని. వారిలో ఎనమండుగురు హైదరాబాదు చూచుట యదే మొదలు. సెమీఫైనలులో రెండాటలును గోలు లేక ముగియగా, పెనాల్టీలలో కలకత్తావారు మనలను ఓడించిరి.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. మార్కెజ్ గారు గోవా జట్టునకు వెడలిరి. జీతములు సకాలమున నందక ఆటగాండ్రు ఒక్కొక్కరే విడిచిపోయిరని పత్రికలు వ్రాసినవి. 2023-24లో 22 ఆటలకు ఒకే గెలుపు, 8 పాయింట్లు. 2024-25లో 13 జట్లలో 12వ స్థానము. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు దాల్చెను. కావున పిల్లల ప్రశ్నకు గణితము చెప్పు జవాబు ఒక్కటే: లెక్క వేయుటకు జట్టే లేదు.

ఢిల్లీ జట్టునే మనదనుకొందమా యని కొందరడిగిరి. నాకది రుచింపలేదు. బదిలీయైన పంతులును పిల్లలు తలచుకొందురు గాని ఆయన వెంట పోరు గదా! శ్రీనిధి డెక్కన్ జట్టు మన హైదరాబాదుదే. అది రెండవ శ్రేణియైన ఐ-లీగులో 2022-23, 2023-24 రెండేండ్లును రెండవ స్థానమున నిలిచెను. పై మెట్టునకు ప్రథమ స్థానమువారికే దారి యగుటచే రెండుమారులును గడపవద్దనే ఆగిపోయెను. ఆశ నిలుపదలచినవారు అచట నిలుపవచ్చును.

ఒక బాలుడు మాత్రము, "మన దగ్గర ఫుట్‌బాల్ ఎన్నడు బాగుండె సారూ?" అని విరక్తిగా ననెను. అందులకు నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ చెప్పితిని. ఆయన హైదరాబాదులో బడిపంతులు. మా వృత్తివారని చెప్పుకొనుటలో నాకు కొంత గర్వము కలదు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో భారత జట్టు నాలుగవదయ్యెను. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము గొనివచ్చెను. అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తుడైన రహీం గారు మరుసటి యేడే కన్నుమూసిరి. ఆటగాండ్రు రెండవ కాలిని గూడ సమముగా వాడవలెనని ఆయన పట్టుదల. ఆ మాట విన్న సాయంకాలమే మా మైదానమున కుడికాలివారందరు ఎడమకాలితో తన్నబూని బంతిని మూడుసార్లు గోడ యావలకు పంపిరి.

గతేడాది నుండి వారమునకు రెండు సాయంకాలములు మైదానమును బాలికలకు విడిచితిమి. బాలురు సణిగిరి, సణుగనిచ్చితిమి. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టున ఆడి వచ్చి, 2024-25లో మహిళల లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో నుండెనని చెప్పగా, మహబూబాబాదు తండానుండి వచ్చిన యొక బాలిక లేచి, ఆ లీగున ప్లేఆఫులున్నవా యని యడిగెను. లేవనియు, పట్టికలో మొదట నిలిచినవారే విజేతలైరనియు చెప్పితిని.

"గట్లుంటెనే నయం సార్" అని కూర్చుండెను.